చిన్నపిల్లల ఆటలు, అల్లరి: విశాఖ అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్నలు

పదకొండేళ్ళు ప్లేస్కూల్లో టీచర్‌గా చేశాను. మానేశాక మా అపార్ట్‌మెంట్ మేడ మీద ఆదివారం సాయంత్రాలు చుట్టుపక్కల పిల్లల్ని పోగేసి ఆడిస్తున్నాను. పిల్లలు మారుతుంటారు గానీ, వాళ్ళని దింపడానికి వచ్చి మెట్ల దగ్గర నన్ను నిలబెట్టి అడిగే ప్రశ్నలు మాత్రం మారవు. ప్రతిసారీ సగం చెప్పి సగం మర్చిపోతున్నానని ఈసారి రాసిపెట్టాను. మీ పిల్లల వయసు ఏదో ఆ భాగం చూసుకుంటే చాలు.

## ఏడాది లోపు

నాలుగు నెలల పిల్లతో ఆడడమంటే ఏం చెయ్యాలి? నాకేమీ తోచట్లేదు.

మీ ముఖమే దానికి బొమ్మ. మొదటి నెలల్లో పసివాళ్ళకి జానెడు, జానెడున్నర దూరంలో ఉన్నవే స్పష్టంగా కనిపిస్తాయి. ఒళ్ళో పడుకోబెట్టుకుని పాలు పట్టేటప్పుడు మీ ముఖం సరిగ్గా అంత దూరంలోనే ఉంటుంది. పాప "ఊ" అంటే మీరూ "ఊ" అని, ఆగి, మళ్ళీ తను అనేదాకా చూడండి. మనకి చేతకానిది ఆ ఆగడమే, ఊపిరి తిప్పుకోకుండా ముద్దు మాటలు చెప్పేస్తాం. మెలకువగా ఉన్నప్పుడు కాసేపు బోర్లా పడుకోబెట్టండి. ఇంకా పాకడం రాని పిల్లలకి ఇది రోజు మొత్తం మీద కనీసం 30 నిమిషాలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఒక్కసారే అక్కర్లేదు, రెండేసి మూడేసి నిమిషాలు చొప్పున చేయించండి. నిద్రకి మాత్రం ఎప్పుడూ వెల్లకిలానే.

ఉయ్యాలకి కట్టడానికి ఏ బొమ్మలు కొనాలి?

ఏవీ కొనకపోయినా నష్టం లేదు. మా అబ్బాయి ఆరు నెలలపాటు సీలింగ్ ఫ్యాన్‌నే ప్రేమించాడు. కడితే మాత్రం చేతికి అందనంత ఎత్తులో గట్టిగా కట్టండి. చేతులు, మోకాళ్ళ మీద లేవడం మొదలుపెట్టగానే తీసేయండి.

ఏటికొప్పాక బొమ్మలు నోట్లో పెట్టుకున్నా ఏమీ కాదంటారు, నిజమేనా?

చాలావరకు నిజం, కానీ రెండు విషయాలు చూసుకోవాలి. ఈ బొమ్మల్ని అంకుడు కర్రతో చేస్తారు. కర్ర తిరుగుతుండగానే రంగు కలిపిన లక్కని దాని మీద అద్దుతారు, ఆ వేడికి అది కరిగి నున్నగా పట్టేస్తుంది. పదునైన అంచులు ఉండవు. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు వంటి వాటి నుంచి తీసిన రంగులైతే నోటికి భయం లేదు. అవి చెట్ల రంగులేనా అని కొనేచోటే అడగండి. రెండోది పరిమాణం. లక్కపిడతల సెట్టులో గరిటెలు, చిన్న మూతలు ముద్దొస్తాయి, కానీ గొంతుకి అడ్డం పడేవి అవే. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టండి. అందులోంచి దూరిపోయే వస్తువేదీ మూడేళ్ళ లోపు పిల్లల చేతికి ఇవ్వకండి.

ఐఎస్ఐ ముద్ర లేదని కొందరు సందేహపడతారు. ఫ్యాక్టరీ బొమ్మలకి 2021 జనవరి 1 నుంచి ఆ ముద్ర తప్పనిసరి. నమోదైన హస్తకళాకారులు చేసేవాటికి, భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉన్నవాటికి మినహాయింపు ఉంది. ఏటికొప్పాకకి ఆ గుర్తింపు 2017లో వచ్చింది.

పాపని నేల మీద వదిలితే మన్ను తింటుందని మా అత్తగారు ఒప్పుకోరు. ఏం చెప్పను?

ఏమీ చెప్పకండి. చాప పరిచి, ఒక స్టీలు గిన్నె, కొబ్బరిచిప్ప, చెక్క గరిటె పెట్టి "అత్తయ్యా, కాసేపు మీరు చూస్తారా, నాకు పొయ్యి మీద కూర మాడుతోంది" అనండి. మూడో రోజుకి గిన్నె వాయించడం నేర్పింది ఆవిడే అవుతుంది. వాదన పెట్టుకుని గెలిచిన కోడల్ని నేనింతవరకూ చూడలేదు. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి: ఏడాది దాటాక కూడా వెతుక్కుని మరీ మన్ను, సుద్ద, గోడ పెచ్చులు తింటుంటే రక్తహీనత ఉండొచ్చు, డాక్టరుకి చూపించండి.

## నడక వచ్చాక, మూడేళ్ళ దాకా

వేలకి వేలు పోసి బొమ్మలు కొన్నాం. వాడేమో వంటింట్లో గిన్నెలు లాగుతున్నాడు. ఎందుకిలా?

మీరు రోజూ ముట్టుకునేవి గిన్నెలు కాబట్టి. మీటనొక్కితే పాటపాడే కారుని మీరు ఒక్కసారైనా వాడారా? లేదు. మీకు పనికొచ్చే వస్తువే వాడి దృష్టిలో అసలు వస్తువు, మిగతావన్నీ డూప్లికేట్లు.

కింది అరొకటి వాడికి రాసిచ్చేయండి. పాత టిఫిన్ క్యారేజీ, ఇడ్లీ రేకులు, జల్లెడ, ప్లాస్టిక్ డబ్బాలు మూతలతో సహా అందులో పెట్టండి. ఏ మూత దేనికి పడుతుందో చూసుకోవడం ఏడాదిన్నర పిల్లకి లెక్కల పరీక్ష లాంటిది, మధ్యలో మీరు సాయం చెయ్యకండి. మధ్యాహ్నం స్నానాల గదిలో చెంబు, గరాటు, చిల్లుల గిన్నె ఇస్తే నలభై నిమిషాలు గడిచిపోతాయి. కానీ నీళ్ళ దగ్గర ఒంటరిగా వదలొద్దు. బకెట్లో బెత్తెడు నీళ్ళున్నా ఈ వయసు పిల్లలు తలకిందులుగా పడితే లేవలేరు. ఆట అవగానే బకెట్ బోర్లించండి.

కొన్న బొమ్మల్లో మూడొంతులు అటక మీద పడేసి, పదిహేను రోజులకోసారి మార్చండి. పాతవే కొత్తగా కనిపిస్తాయి.

ఫోన్ పెట్టకపోతే ముద్ద దిగదు. ఎలా మాన్పించాలి?

రెండేళ్ళ లోపు తెరే వద్దని, రెండు నుంచి ఐదేళ్ళ దాకా రోజుకి గంట మించొద్దని భారత శిశువైద్యుల అకాడమీ చెబుతుంది. మీకది తెలియక కాదు, పది గంటలకి ఆఫీసుకి వెళ్ళాలి కాబట్టి పెడుతున్నారు. నేనూ పెట్టాను, దాచను.

సెలవులు కలిసొచ్చిన మూడు రోజులు ఎంచుకోండి. ఇంట్లో అందరూ ఒక్క మాట మీద ఉండాలి, తాతగారితో సహా. ముద్దలు కలిపి మీరు పెట్టడం ఆపి, పళ్ళెం వాడి ముందు పెట్టండి. నెయ్యి వేసిన పప్పన్నం చిన్న చిన్న ఉండలు చెయ్యండి, చోడిపిండి (రాగిపిండి) అట్టు అయితే ముక్కలు చెయ్యండి. సగం నేలపాలవుతుంది, కింద పాత దుప్పటి పరవండి. మొదటి రోజు దాదాపు తినడు. రెండో రోజు ఏడుస్తాడు. మూడో రోజు ఆకలి దాని పని అది చేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్ల ఒకటి రెండు పూటలు తక్కువ తిన్నంత మాత్రాన చిక్కిపోదు. బరువు ముందు నుంచే తక్కువగా ఉంటే మాత్రం డాక్టర్ని అడిగాకే ఇది మొదలుపెట్టండి.

రంగులిస్తే నోట్లో పెట్టుకుంటోంది. అప్పుడే వద్దా?

ఇవ్వండి, కానీ వంటింటి రంగులే ఇవ్వండి. చిక్కటి గంజిలో పసుపు కలిపితే ఒక రంగు, బీట్‌రూట్ రసం కలిపితే ఒకటి, పాలకూర రసం కలిపితే ఇంకొకటి. బ్రష్ అక్కర్లేదు, చేతులున్నాయి. పాత పేపరు మీద కన్నా స్టీలు పళ్ళెం మీద బాగా జారుతుంది, కడగడమూ తేలిక. పసుపు మరక బట్టలకి పోదు కాబట్టి బనియను మీదే కూర్చోబెట్టండి. మన ఊరి ఉక్కకి సాయంత్రానికల్లా గంజి పులుస్తుంది, మిగిలితే పారబోయండి.

రెండేళ్ళు దాటినా బొమ్మ ఎవరికీ ఇవ్వడు, లాక్కుంటే కొరుకుతాడు. మా పెంపకంలో లోపమా?

కాదు. ఈ వయసులో పిల్లలు ఒకరితో ఒకరు ఆడరు, ఒకరి పక్కన ఒకరు ఆడతారు. "నాది" అనేది అర్థమైతే గానీ "నీకిస్తాను" అనేది రాదు. కలిసి కథ కట్టుకుని ఆడడం మూడు, నాలుగేళ్ళకి గానీ కుదరదు. ఇంటికి పిల్లలొస్తుంటే వాడికి ప్రాణమైన బొమ్మ ముందే దాచేయండి, మిగతావి జతలుగా పెట్టండి: రెండు బంతులు, రెండు గిన్నెలు. కొరికినప్పుడు తిరిగి కొరికి చూపించమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు, వినకండి. వాణ్ణి పట్టి ఆపి "కొరికితే నొప్పి" అని ఒక్క మాట చెప్పి, ముందు దెబ్బ తిన్న పిల్ల దగ్గరికి వెళ్ళండి.

ఇంత చిన్నవాణ్ణి ఆర్కే బీచ్‌కి తీసుకెళ్ళొచ్చా?

ఇసుకకి తీసుకెళ్ళండి, కెరటాలకి వద్దు. మన తీరం చూడ్డానికి అందంగానే ఉంటుంది, కానీ వెనక్కి వెళ్ళే నీరు కాళ్ళ కింద ఇసుకని తవ్వుకుపోతుంది. పెద్దవాళ్ళే తూలిపోతారు. చెయ్యి పట్టుకున్నాం కదా అన్న ధీమా పనికిరాదు. తడి ఇసుక మొదలయ్యే చోట గీత గీసి "ఇదే మన గడప" అని చెప్పండి. రెండేళ్ళ పిల్ల దాన్ని గుర్తుంచుకోదు, అది మీ కోసం.

ఎండాకాలంలో ఎనిమిది దాటితే ఇసుక కాలుతుంది, ఆరింటికే వెళ్ళిపోండి. బకెట్, పార కొనక్కర్లేదు. కొబ్బరిచిప్ప, పెరుగు డబ్బా, కాస్త పెద్ద చెంచా చాలు. తడి ఇసుకని డబ్బాలో కూరి బోర్లించడం, పీతల బొరియలు లెక్కపెట్టడం, పొడి ఇసుకని గుప్పిట్లోంచి జారవిడవడం, ఇంతకన్నా వాళ్ళేమీ అడగరు. మీరు ముందుగా ఇసుక కోట కట్టి చూపించారనుకోండి, వాడికిక దాన్ని తొక్కే పని తప్ప మిగలదు. గాజు పెంకులు, గాలాలు, విరిగిన సీసాలు ఉంటాయి కాబట్టి కూర్చోబెట్టే ముందు చేత్తో ఒకసారి ఇసుక కెలకండి.

ఇంట్లో తెలుగు, ఆయాతో హిందీ, ప్లేస్కూల్లో ఇంగ్లీషు. అందుకే మాటలు రావట్లేదా?

రెండు మూడు భాషలు వినడం వల్ల మాటలు ఆగవు. ఒక భాషలో ఐదు మాటలు, ఇంకో దాంట్లో ఐదు వస్తే పది వచ్చినట్టే లెక్క. మీకు ఏ భాషలో కోపం, నవ్వు, కథ సహజంగా వస్తాయో ఆ భాషలోనే మాట్లాడండి. "బేబీ, ఈట్ చెయ్" రకం మాటల్లో పిల్లకి దొరికేది ఏమీ ఉండదు. ఒకటిన్నరేళ్ళు నిండినా ఒక్క మాటా రాకపోతే, రెండేళ్ళకి "అమ్మ రా", "పాలు కావాలి" లాంటి రెండు మాటల జత లేకపోతే, పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడకపోతే, ఇంకో ఆరు నెలలు చూద్దాం అనకుండా డాక్టరుకి చూపించండి. వినికిడి పరీక్ష ముందు చేయించాలి.

## మూడు నుంచి ఆరేళ్ళ దాకా

గోడలన్నీ గీసేసింది. అద్దిల్లు, ఓనరు ఊరుకోరు.

గీయడం ఆగదు, చోటు మార్చగలం. క్యాలెండరు వెనకవైపు తెల్లగా ఉంటుంది. ఆ కాగితాలు నాలుగు కలిపి అంటించి, గోడకి దాని భుజం ఎత్తులో పెట్టండి. నిలబడి గీస్తే చెయ్యంతా భుజం నుంచి కదులుతుంది, రాతకి బలం అక్కడే వస్తుంది. ఇంకో ఉపాయం మేడ మీద: చెంబుడు నీళ్ళు, పాత పెయింటు బ్రష్. సాయంత్రం వేడి గచ్చు మీద నీళ్ళతో గీసిన ఏనుగు తొండం పూర్తయ్యేలోపు తోక ఆరిపోతుంది. పిల్లలు ఆ పరుగుకే పడిపోతారు, మీకు తుడిచే పని లేదు.

బొమ్మ గీసి "ఇది నువ్వే" అంటుంది. తలకే కాళ్ళు, పొట్టే లేదు. సరిచెయ్యాలా?

వద్దు. మూడు, నాలుగేళ్ళ పిల్లలు చాలామంది మనుషుల్ని అలాగే గీస్తారు. పొట్ట దానంతటదే వస్తుంది. "బాగుంది" అని వదిలేయకుండా "ఈ గీత ఏంటి?" అని అడగండి. ఒకసారి మా మేడ మీద ఒక పిల్ల పేజీ అంతా నల్లగా పూసింది. ఏదో బాధ ఉందేమో అని వాళ్ళమ్మ కంగారుపడింది. అడిగితే "జలాంతర్గామి లోపల లైటు తీసేశారు" అంది.

ఎల్‌కేజీకే రెండు పేజీల రాత హోంవర్క్. మా వాడు పెన్సిల్ సరిగ్గా పట్టుకోడు. ట్యూషన్ పెట్టాలా?

నన్నడిగితే ట్యూషన్ కాదు, చిక్కుడుకాయలు పెట్టండి. ఈనెలు తియ్యడం, బఠాణీలు ఒలవడం, కరివేపాకు దూయడం, చపాతీ పిండి ఉండలు చెయ్యడం, బట్టలకి క్లిప్పులు పెట్టడం, కనకాంబరాలు గుచ్చడం. పెన్సిల్‌కి కావాల్సిన వేళ్ళ బలం వీటిలోంచే వస్తుంది. మూడు వేళ్ళ పట్టు నాలుగు నుంచి ఆరేళ్ళ మధ్య కుదురుకుంటుంది, ఒక్కో పిల్లకి ఒక్కో వేగం. పొడవు పెన్సిల్ కన్నా చిన్న ముక్క ఇవ్వండి. దాన్ని పిడికిలితో పట్టుకోవడానికి చోటుండదు, వేళ్ళే వాడాలి.

హోంవర్క్ సంగతి అంటారా, టీచర్‌తో నెమ్మదిగా మాట్లాడండి. "ఇంట్లో రెండు వరసలు రాయిస్తాం, మిగతా సమయం ఆడనిస్తాం" అని ముందే చెబితే చాలామంది ఒప్పుకుంటారు. వాళ్ళ మీదా ఒత్తిడి ఉంది. రాత లేదంటే ఫీజెందుకు అని అడిగే తల్లిదండ్రుల్ని నా ఉద్యోగంలో ఎంతోమందిని చూశాను.

అబ్బాయి గుజ్జనగూళ్ళు ఆడుతుంటే బంధువులు నవ్వుతున్నారు.

భోజనాల వేళకి ఆ బంధువులు కూడా తింటారుగా! ఆడనివ్వండి.

ఇంట్లో ప్లే డో చేస్తే రెండో రోజుకే జిగురైపోతోంది.

తప్పు మీది కాదు, సముద్రపు గాలిది. పిండిలో ఉప్పు ఉంటుంది, అది గాల్లో తేమని లాగేస్తుంది. పచ్చిపిండి కాకుండా ఉడికించి చెయ్యండి. కప్పు మైదా, అర కప్పు ఉప్పు, కప్పు నీళ్ళు, రెండు చెంచాల నూనె, అరచెక్క నిమ్మరసం ఉండలు లేకుండా కలిపి, సన్నటి సెగ మీద హల్వాలా గిన్నె వదిలేదాకా తిప్పండి. చల్లారాక బాగా మర్దించి, గాలి దూరని డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. మెత్తబడితే పొడి మైదా అద్దండి. వాసన మారితే పారేయండి. ఉప్పు ఎక్కువ కాబట్టి తినే అలవాటున్న పిల్లలకి ఇది వద్దు, వాళ్ళకి పూరీ పిండి ఇవ్వండి.

మా నాన్నగారు పల్లెటూరి ఆటలు నేర్పిస్తానంటున్నారు. ప్రమాదమేమైనా ఉందా?

నేర్పించనివ్వండి. కొబ్బరాకు బూర, తాటాకు గిరగిర, వేసవిలో ముంజెలు తినేశాక ఆ బుర్రలకి పుల్ల గుచ్చి చేసే బండి, ఇవేవీ ఆన్‌లైన్లో దొరకవు. కత్తి పని తాతగారిది, తోసే పని పిల్లలది. చింతపిక్కలు, గవ్వలు ఇంట్లో మూడేళ్ళ లోపు చంటిపిల్ల లేకపోతేనే తీయండి. పచ్చి జీడిపిక్కలు మాత్రం అసలు వద్దు. మా చిన్నప్పుడు శ్రీకాకుళం వైపు గోళీల బదులు వాటితోనే ఆడేవాళ్ళం. ఆ పెంకులో నూనె చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. మా అక్క మోచేతి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

తుపానులకి కరెంటు పోతే పిల్లలు భయపడి ఏడుస్తారు. ఏం చెయ్యాలి?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా అబ్బాయికి నాలుగేళ్ళు. రోజుల తరబడి కరెంటు లేదు. టార్చి ముందు చేతులు పెట్టి గోడ మీద కుక్క, కొంగ వేశాం. మర్నాటికి వాడే అట్టపెట్టె ముక్కల్ని చింపి, చీపురు పుల్లలకి గుచ్చి తోలుబొమ్మల్లా ఆడించాడు. కథలో పెద్ద గాలొచ్చి చెట్లన్నీ పడిపోతాయి, ఒక పిల్లి వాటిని లేపుతుంది. పదిసార్లు అదే కథ. మొదట నాకు విసుగొచ్చింది, ఐదోసారికి అర్థమైంది: చూసిన భయాన్ని వాడు నమిలి మింగుతున్నాడు. అలాంటప్పుడు కథ మార్చమని చెప్పకండి. టార్చి, కొత్త బ్యాటరీలు అందరికీ తెలిసిన చోట పెట్టండి, బిళ్ళ బ్యాటరీలున్న వస్తువులు మాత్రం పిల్లలకి ఇవ్వొద్దు. అది మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళం కాలడం మొదలవుతుంది, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఆదివారం మాల్ తప్ప ఇంకెక్కడికి తీసుకెళ్ళాలో తెలీదు.

డబ్బు ఖర్చు కానిదానితో మొదలుపెడతాను. చీకటి పడే వేళ బీచ్ రోడ్డు గోడ మీద కూర్చుని, పోర్టులోకి వెళ్ళడానికి దూరంగా లంగరేసుకున్న ఓడల దీపాలు లెక్కపెట్టండి. ఏ ఓడలో ఏముందో పిల్లల్నే చెప్పమనండి. పొద్దున్నే లేచే పిల్లలైతే ఫిషింగ్ హార్బర్: వంజరం, చందువ, రొయ్యలు, పీతలు, వేలం కేకలు. ఇంటికొచ్చాక వారం రోజులు చేపల దుకాణం ఆటే.

ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర జలాంతర్గామి పిల్లలకి నాలుగేళ్ళు నిండాక బాగుంటుంది. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించింది, పొడవు 91 మీటర్లు. లోపల దారి ఇరుకు, గుమ్మాలు గుండ్రం, ఎత్తుకుని తిరగడం కష్టం. ఇంత పెద్దది ఇసుక మీదకి ఎలా వచ్చిందని అడుగుతారు, సిద్ధంగా ఉండండి. జూకి వెళ్తే అంతా చూపించాలని పట్టుబట్టకండి, నీటిగుర్రం దగ్గరే గంట నిలబడితే నిలబడనివ్వండి. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు పిల్లలకి ఎంతో నచ్చుతాయి, కానీ అది రక్షిత ప్రదేశం. బొమ్మలు చెయ్యడానికి అక్కడి మట్టి తేకూడదు, ఎక్కి జారకూడదు. శీతాకాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన తీరానికొచ్చి గుడ్లు పెడతాయి, గుడ్లలోంచి తాబేలు పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. అటవీశాఖ వాళ్ళు వాటిని వదిలే రోజు కుదిరితే తీసుకెళ్ళండి. ముట్టుకోవద్దని, ఫోన్ లైట్లు వెయ్యొద్దని పిల్లలకి కాదు, పెద్దలకి చెప్పాలి.

ఇద్దరం ఉద్యోగాలే. రాత్రి ఏడింటికి ఇల్లు చేరతాం. రోజుకి ఎంతసేపు ఆడించాలి?

ఆడించడానికి పావుగంట చాలు, ఫోన్ వేరే గదిలో ఉంటే. ఆ పావుగంట ఆట వాళ్ళదే, మీరు ఆటోలో ప్యాసింజరు, వాళ్ళు డ్రైవరు. "గాజువాక వెళ్తుందా?" అని ఎక్కండి. దారిలో ఆటోకి రెక్కలొచ్చినా కిరాయి ఇచ్చి కూర్చోండి. మిగతా సమయం మీ పనిలోనే కలుపుకోండి: ఉల్లిపాయలు బుట్టలోంచి ఏరివ్వడం, సాక్సుల జతలు వెతకడం. స్టీల్ ప్లాంట్లో షిఫ్టులు చేసే ఒక నాన్న నైట్ డ్యూటీ దిగి, పడుకునే ముందు పిల్లతో కలిసి మొక్కలకి నీళ్ళు పోస్తాడు. వాళ్ళిద్దరి ఆట అదే, పది నిమిషాలు.

రోజూ "బోర్ కొడుతోంది" అంటుంది. ప్రతిసారీ ఏదో ఒకటి చూపించాలా?

అవసరం లేదు. "అవునా" అని మీ పని మీరు చేసుకోండి. పదిహేను నిమిషాలు సణుగుతుంది, సోఫా చుట్టూ తిరుగుతుంది, తర్వాత దిండ్లు కింద పడేస్తుంది. అప్పుడు తిట్టకండి, ఓడ తయారవుతోంది.

ఆడాక ఇల్లంతా చెత్త. సర్దమంటే వినరు.

"సర్దు" అనేది నాలుగేళ్ళ పిల్లకి చాలా పెద్ద పని. "ఎర్రవన్నీ ఈ బుట్టలో" అంటే చేస్తుంది. బొమ్మలకి ఒక్కటే పెద్ద వెదురు బుట్ట పెట్టండి, రకానికో డబ్బా పెడితే అవి సర్దేది మీరే అవుతారు. సగం కట్టిన ఇల్లు, పెళ్ళి మధ్యలో ఉన్న బొమ్మలు లాంటివి ఒక మూల రాత్రికి అలాగే ఉంచనివ్వండి. పొద్దున్న పనిమనిషికి ముందే చెప్పడం మర్చిపోకండి, లేకపోతే పెళ్ళికూతురు చెత్తబుట్టలో తేలుతుంది.